జియా సరాయ్ నుంచి ఒక్కరోజు యాత్ర: కారు లేకున్నా, గడువు తప్పకుండా

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న జియా సరాయ్ పేరులోనే ప్రయాణం ఉంది. సరాయ్ అంటే బాటసారులు రాత్రి బస చేసే సత్రం. చుట్టుపక్కల ఉన్న బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్ పేర్లు కూడా అటువంటివే. నేడు ఈ ఇరుకు వీధుల్లో బస చేసేవారు బాటసారులు కారు. నెట్, గేట్, ఇంజినీరింగ్ సర్వీసుల వంటి పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులు. దేశం నలుమూలల నుంచి వచ్చే వీరిలో తెలుగు రాష్ట్రాల వారూ ఉంటారు.

పరీక్షో, మౌఖిక పరీక్షో ముగిశాక స్వస్థలానికి రైలెక్కే ముందు వీరికి ఒక రోజు మిగులుతుంది. తోడుగా వచ్చిన తల్లిదండ్రులకు అది ఢిల్లీ చూసే మొదటి అవకాశం. అదే చివరిదీ కావచ్చు. దారి తెలియదన్న సంకోచంతో ఆ రోజును గదిలోనే గడిపేసేవారు కొందరు. అన్నీ చూసెయ్యాలన్న ఆత్రంతో బయలుదేరి, నెలరోజుల ముందు దొరికిన రిజర్వేషన్ రైలును చేజార్చుకునేవారు మరికొందరు. సొంత వాహనం గానీ, అద్దె కారు గానీ లేకుండా, ఈ రెండు నష్టాలకూ గురికాకుండా ఆ ఒక్కరోజును ఎలా వినియోగించుకోవాలన్నది ముందే ఆలోచించుకోవలసిన విషయం.

ఓడ ప్రయాణికుల సూత్రం

ఇందుకు ఒక మంచి పాఠం సముద్రతీరం నుంచి లభిస్తుంది. విశాఖపట్నంలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అటువంటి రేవుల్లో దిగే విహార నౌకల ప్రయాణికులకు ఊరు చూడటానికి కొన్ని గంటలే ఉంటాయి. నౌకా సంస్థ స్వయంగా ఏర్పాటు చేసిన యాత్రలో ఆలస్యమైతే ఓడ సాధారణంగా వేచి ఉంటుంది. సొంతంగా ఊరు చూడబోయినవారి కోసం మాత్రం ఆగదు. అందుకే అనుభవజ్ఞులైన ప్రయాణికులు ఏం చూడాలన్న ప్రశ్నతో ప్రణాళిక మొదలుపెట్టరు. ఎన్ని గంటలకు ఓడ దగ్గర ఉండాలన్న ప్రశ్నతో మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటారు.

జియా సరాయ్ నుంచి బయలుదేరేవారికి ఓడ స్థానంలో రైలో, విమానమో, మరుసటి రోజు ఉదయపు పరీక్షో ఉంటుంది. సూత్రం మాత్రం ఒకటే.

వెనక్కి లెక్క కట్టే విధానం

సాయంత్రం 4 గంటలకు న్యూఢిల్లీ స్టేషన్లో రైలు ఉన్నదనుకుందాం. సామానుతో 3.15కల్లా ప్లాట్‌ఫారం చేరుకోవాలి. జియా సరాయ్‌కి సమీపంలోని ఐఐటీ మెట్రో స్టేషన్ మెజెంటా లైన్‌పై ఉంది. 2018 మే నెలలో అందుబాటులోకి వచ్చిన ఈ మార్గంలో తదుపరి స్టేషనే హౌజ్ ఖాస్. అక్కడ ఎల్లో లైన్‌కు మారితే నేరుగా న్యూఢిల్లీ చేరవచ్చు. రైలులో గడిపే సమయం అరగంటకు అటూ ఇటూగా ఉన్నా, స్టేషన్ వరకు నడక, భద్రతా తనిఖీ వరుస, హౌజ్ ఖాస్‌లో భూమి లోతున ఒక ప్లాట్‌ఫారం నుంచి మరొకదానికి సాగే దూరం కలుపుకొంటే గంట పడుతుంది. అంటే 2.15కు గది విడవాలి. అనుకోని ఆలస్యానికి ముప్పావుగంట కేటాయిస్తే 1.30. భోజనం, సామాను సర్దుకోవడం, గది అప్పగించడం కలుపుకొంటే మధ్యాహ్నం 12.30కల్లా తిరిగి జియా సరాయ్‌లో ఉండాలి.

ఈ లెక్క కాగితంపై పెట్టగానే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆ రోజు వీరికి మిగిలింది పూర్తి రోజు కాదు, ఒక ఉదయం మాత్రమే. ఆ ఉదయానికి సరిపోయే ప్రదేశాన్ని ఎంచుకుంటే తొందర ఉండదు.

మరో మార్గమూ ఉంది. ఉదయమే గది ఖాళీ చేసి, సామానుతో న్యూఢిల్లీ స్టేషన్‌కు చేరి, అక్కడి క్లోక్ రూములో పెట్టవచ్చు. ఇందుకు ప్రయాణ టికెట్ ఉండాలి, పెట్టెలకు తాళాలు వేసి ఉండాలి. స్టేషన్ నుంచి మెట్రోలో రెండో స్టాపు చాందినీ చౌక్. తిరిగి జియా సరాయ్ వచ్చే పని తప్పుతుంది కాబట్టి అదే రోజులో రెండు గంటలకు పైగా ఆదా అవుతుంది. ఓడ పక్కనే ఊరు చూడటం వంటిదే ఇది.

సగం రోజు ఉన్నప్పుడు

ఉదయం పూట మాత్రమే వీలున్నవారికి కుతుబ్ మినార్ అనువైనది. 72.5 మీటర్ల ఎత్తైన ఈ కట్టడం, తుప్పు పట్టని ఇనుప స్తంభం ఒకే ఆవరణలో ఉన్నాయి. 1993లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1981 నాటి తొక్కిసలాట దుర్ఘటన తరువాత మినార్ లోపలి మెట్లపైకి సందర్శకులను అనుమతించడం లేదు. కాబట్టి ఆవరణ చూడటానికి గంటన్నర చాలు. కుతుబ్ మినార్ పేరుతో ఉన్న మెట్రో స్టేషన్ కట్టడానికి ఆనుకొని ఉండదు. అక్కడ దిగాక ఆటో గానీ, బస్సు గానీ ఎక్కవలసి ఉంటుంది. అరబిందో మార్గ్ మీదుగా మెహ్రౌలీ వెళ్లే బస్సులు కూడా ఈ దారిలో ఉపయోగపడతాయి.

మరింత దగ్గరగా ఉన్నది హౌజ్ ఖాస్. అలాఉద్దీన్ ఖిల్జీ కాలంలో తవ్వించిన చెరువు, దాని ఒడ్డున ఫిరోజ్ షా తుగ్లక్ కట్టించిన మదరసా, ఆయన సమాధి ఇక్కడ ఉన్నాయి. వయసు మళ్లిన తల్లిదండ్రులు వెంట ఉన్నప్పుడు, దూరం తక్కువ, నీడ ఎక్కువ ఉన్న ఇటువంటి చోటు ఎంచుకోవడం వివేకం.

లోటస్ టెంపుల్‌కు మార్గం మారకుండానే చేరవచ్చు. మెజెంటా లైన్‌పై ఉన్న కాల్కాజీ మందిర్ స్టేషన్లో దిగితే అది నడక దూరంలోనే ఉంటుంది.

పూర్తి రోజు ఉన్నప్పుడు

పూర్తి రోజు దొరికినవారు నగరం నాలుగు మూలలా తిరగడం కన్నా ఒకే మెట్రో మార్గాన్ని నమ్ముకోవడం మేలు. ఎల్లో లైన్‌పై సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగితే కర్తవ్యపథ్, ఇండియా గేట్ వైపు వెళ్లవచ్చు. మధ్యాహ్న భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ క్యాంటీన్ ఉండనే ఉంది. చాలా రోజులుగా పప్పు, పచ్చడికి దూరమైనవారికి అది కూడా ఒక దర్శనీయ స్థలమే. అయితే భోజన వేళ రద్దీ ఎక్కువ. వరుసలో నిలబడే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మధ్యాహ్నం తరువాత అదే మార్గంలో చాందినీ చౌక్ చేరవచ్చు. ఇక్కడి ప్రధాన వీధిలోకి ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలను అనుమతించరు. కారులో వచ్చినవారు సైతం ఎక్కడో దిగి నడవవలసిందే. ఎర్రకోటకు నేరుగా వెళ్లదలచినవారికి వయొలెట్ లైన్‌పై లాల్ ఖిలా స్టేషన్, పక్కనే జామా మసీదు స్టేషన్ ఉన్నాయి. ఈ మార్గం 2017లో ప్రారంభమైంది.

వారం చూసుకోకపోతే శ్రమ వృథా

సొంతంగా వెళ్లేవారిని ఎక్కువగా నిరాశపరిచేది మూసి ఉన్న ద్వారం. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, రైల్ మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షరధామ్ సోమవారం తెరవరు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి వారమంతా తెరిచే ఉంటాయి. కాబట్టి మిగిలిన ఆ ఒక్కరోజు సోమవారమైతే పై రెండే ఆధారం. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. రాష్ట్రపతి భవన్ సందర్శనకు ముందుగానే ఆన్‌లైన్లో సమయం నమోదు చేసుకోవాలి. గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాలకు ముందు రోజుల్లో ఎర్రకోట, కర్తవ్యపథ్ పరిసరాల్లో భద్రతా ఆంక్షలు ఉంటాయి.

ఆగ్రా వెళ్లి రావచ్చా?

వెళ్లి రావచ్చు, అయితే అందుకు ఒక రోజు పూర్తిగా కేటాయించాలి. హజ్రత్ నిజాముద్దీన్ నుంచి ఉదయం 8 గంటలు దాటాక బయలుదేరే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ సుమారు 100 నిమిషాల్లో ఆగ్రా కంటోన్మెంట్ చేరుతుంది. 2016 ఏప్రిల్ 5న మొదలైన ఈ రైలు సాయంత్రం తిరిగి ఢిల్లీకి వస్తుంది. శుక్రవారం ఇది నడవదు. ఆ రోజు తాజ్‌మహల్ కూడా ఉండదు కాబట్టి నష్టం లేదు. జియా సరాయ్ నుంచి నిజాముద్దీన్ చేరడానికి హౌజ్ ఖాస్‌లో ఎల్లో లైన్‌కు, ఐఎన్ఏలో పింక్ లైన్‌కు మారి సరాయ్ కాలే ఖాన్‌లో దిగాలి. రెండు మార్పులున్నాయి కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరక తప్పదు. తాజ్‌మహల్ టికెట్ మూడు గంటలపాటే చెల్లుతుంది. ప్రధాన సమాధిని చూడటానికి భారతీయులు సైతం అదనంగా 200 రూపాయలు చెల్లించాలి.

తెలుగు ప్రయాణికులకు ఇక్కడ మరో వెసులుబాటు ఉంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ వంటి కొన్ని దక్షిణాది రైళ్లు ఆగ్రా కంటోన్మెంట్‌లో కూడా ఆగుతాయి. ముందుగానే బోర్డింగ్ స్టేషన్‌ను ఆగ్రాకు మార్చుకుంటే, అక్కడ తాజ్‌మహల్ చూసుకొని అక్కడే ఊరి రైలు ఎక్కవచ్చు. తిరిగి ఢిల్లీ రావలసిన అవసరం ఉండదు. అయితే ఒకసారి మార్చుకున్నాక ఢిల్లీలో ఎక్కే హక్కు ఉండదన్నది గుర్తుంచుకోవాలి. మార్చుకోకుండా ఢిల్లీలో రైలెక్కకపోతే బెర్తు మరొకరికి కేటాయించే ప్రమాదం ఉంది.

డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాది పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మరుసటి ఉదయం పరీక్ష ఉన్నవారు ఆ కాలంలో ఆగ్రా ఆలోచన మానుకోవడమే శ్రేయస్కరం.

విమానాశ్రయం విషయంలో జాగ్రత్త

ఐఐటీ స్టేషన్ నుంచి విమానాశ్రయానికి నేరుగా మెట్రో ఉందన్న మాట సగమే నిజం. మెజెంటా లైన్ చేరేది టెర్మినల్ 1కు మాత్రమే. టెర్మినల్ 3కు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మార్గంలో వెళ్లాలి. హౌజ్ ఖాస్, ఐఎన్ఏలలో మారి పింక్ లైన్‌పై దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్లో దిగితే, అక్కడి పొడవైన నడక వంతెన ధౌలా కువా ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ స్టేషన్‌కు కలుపుతుంది. రాజమహేంద్రవరంలో జన్మించి ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి పేరు తెలుగువారికి ఇక్కడ గుర్తుండిపోయే ఆనవాలు. టికెట్‌పై టెర్మినల్ సంఖ్య చూడకుండా బయలుదేరితే మాత్రం విమానం తప్పిపోయే అవకాశముంది.

ఖర్చు, భద్రత

2025 ఆగస్టు 25 నుంచి ఢిల్లీ మెట్రో కనీస చార్జీ 11 రూపాయలు, గరిష్ఠ చార్జీ 64 రూపాయలు. స్మార్ట్ కార్డుపై పది శాతం రాయితీ ఉంటుంది. మెట్రో దిగాక చివరి ఒకటి, రెండు కిలోమీటర్లకు ఈ-రిక్షా చౌక. ఆటో ఎక్కితే మీటరు వేయమని ముందే అడగాలి. లేదా చార్జీ ఎంతో ముందే తేల్చుకోవాలి. రాత్రి 11 గంటల ప్రాంతంలో మెట్రో సేవలు ముగుస్తాయి. రెండు మార్గాలు మారవలసి ఉన్నవారు చివరి రైలుపై ఆధారపడరాదు. మొదటిది అందినా రెండోది అందకపోవచ్చు. ఒంటరిగా ప్రయాణించే మహిళలకు ప్రతి మెట్రో రైలులో ప్రత్యేక పెట్టె ఉంటుంది.

టికెట్, గుర్తింపు కార్డు, మరుసటి రోజు పరీక్ష ఉంటే హాల్ టికెట్ నకలు, సెల్‌ఫోన్ బ్యాటరీ తగినంత ఉన్నాయో లేదో గది విడిచే ముందే చూసుకోవాలి. అత్యవసర సహాయానికి 112, మెట్రో సమస్యలకు 155370, రైల్వే సమాచారానికి 139 నంబర్లు రాసిపెట్టుకోవాలి. రైళ్ల వేళలు, ప్రవేశ రుసుములు మారుతుంటాయి. ముందు రోజు రాత్రి ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

చూడలేకపోయినవి ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. ఢిల్లీని ఒక్కరోజులో చూడటం ఎవరికీ సాధ్యం కాదు. అయితే నిదానంగా చూసిన ఒక్క కట్టడం, తీరికగా తిన్న ఒక్క భోజనం, గంట ముందే చేరుకున్న ప్లాట్‌ఫారం ఉంటే ఆ రోజు సార్థకమైనట్లే. సత్రంలో బస చేసిన బాటసారులు రాత్రికి ఎక్కడ ఉండాలో తేల్చుకున్నాకే ఉదయం బయలుదేరేవారు. జియా సరాయ్ నుంచి నేడు బయలుదేరేవారికీ అదే క్రమం మేలు చేస్తుంది.