రాయచూరుకు అందని హామీ

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేది కోసం విజయనగర, బహమనీ రాజులు తరాల పాటు కత్తులు దూశారు. 1853లో మాత్రం అది బాకీ లెక్క మీద చేతులు మారింది.

హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యానికి ఖర్చు హైదరాబాద్ పాలకుడు నిజాంది, హుకుం ఈస్టిండియా కంపెనీది. జీతాలకు కంపెనీయే అప్పిచ్చింది. అప్పు పేరుకున్నాక, 1853 మే 21న గవర్నర్ జనరల్ డల్హౌసీ నిజాం నసీరుద్దౌలా చేత ఒప్పందం చేయించుకున్నాడు. 5,000 మంది కాల్బలం, 2,000 మంది ఆశ్వికులు, 4 ఫిరంగి దళాలు: వీటి పోషణకు ఏటా సుమారు 50 లక్షల రూపాయల రాబడి ఉన్న బేరారు, నల్దుర్గ్, రాయచూరు ప్రాంతాలు కంపెనీ పాలనలోకి వెళ్లాయి.

1857 తిరుగుబాటులో నిజాం ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడు. అందుకు ప్రతిఫలం 1860లో దక్కింది. 50 లక్షల బాకీ మాఫీ అయింది, రాయచూరు, నల్దుర్గ్ వెనక్కి వచ్చాయి, తిరగబడ్డ సురపురం అదనంగా చేరింది. బదులుగా గోదావరి ఎడమగట్టు తాలూకాలు పోయాయి. భద్రాచలం నిజాం చేయి దాటింది అప్పుడే. ఏడేళ్లలో రాయచూరు రైతుకు రెండుసార్లు ఏలిక మారాడు. రెండుసార్లూ అతన్ని అడిగిన నాథుడు లేడు.

బేరారు మాత్రం తాకట్టులోనే ఉండిపోయింది. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా మార్చాడు. ఈ కథలో అసలు తిరకాసు 1923లో వచ్చింది. బేరారు తిరిగి ఇవ్వమని అప్పటి నిజాం ఉస్మాన్ అలీఖాన్ వైస్రాయ్ రీడింగ్‌కు రాస్తూ, అక్కడి ప్రజలకు రాజ్యాంగం, బాధ్యతాయుత ప్రభుత్వం ఇస్తానన్నాడు. తన ఏలుబడిలోనే ఉన్న రాయచూరుకు, వరంగల్‌కు లేని భాగ్యం అది! ప్రజల హక్కు ఇక్కడ బేరంలో ఒక ఎర మాత్రమేనని నాకనిపిస్తుంది.

1926 మార్చి 27న రీడింగ్ జవాబిచ్చాడు. బ్రిటిష్ చక్రవర్తి సార్వభౌమత్వం సర్వోన్నతమనీ, ఏ సంస్థానాధీశుడూ సమాన హోదాతో బేరమాడలేడనీ దాని సారం. వాదన ఎవరు పెద్ద అన్నదాని మీదికి మళ్లింది, బేరారు ప్రజల మాట పక్కకు పోయింది. 1936 ఒప్పందంలో నిజాం వారసుడికి ‘బేరారు యువరాజు’ బిరుదు దొరికింది, పాలన మాత్రం తిరిగి రాలేదు.

1937లో బేరారు ఓటర్లు, పరిమిత ఓటు హక్కుతోనే అయినా, సెంట్రల్ ప్రావిన్సెస్ శాసనసభకు సభ్యులను ఎన్నుకున్నారు. నిజాంకు తిరిగి దక్కిన రాయచూరు ప్రజలు మాత్రం తమను పాలించే ప్రభుత్వాన్ని ఓటుతో ఎన్నుకోవడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది.