మొటిమల మందు ఘాటు పెంచితే త్వరగా తగ్గుతాయా?

మొటిమ చర్మం మీద కనిపించినా దాని పుట్టుక లోపల, వెంట్రుక కుదురులో. అక్కడ జిడ్డు, మృతకణాలు పేరుకుని దారి మూసుకుపోతే, గాలి అంతగా అందని ఆ చోట క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరిగి వాపు తెస్తుంది. మందుల షాపులో దొరికే బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ ఆ కుదురులోకి దిగి, విడిపోతూ ఫ్రీ రాడికల్స్‌ను వదిలి ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. తువ్వాలుకు అంటితే రంగు వెలిసి తెల్లమచ్చ పడేదీ ఈ గుణం వల్లే. మరి 10 శాతం జెల్ 2.5 శాతం జెల్ కన్నా నాలుగింతలు పనిచేయాలి కదా? రెండింటినీ పోల్చి చూసిన పరీక్షల్లో ఎర్రటి మొటిమలు దాదాపు ఒకేలా తగ్గాయి. మంట, పొట్టు లేవడం మాత్రం 10 శాతంతోనే ఎక్కువ. అందుకే 2.5తో మొదలుపెట్టడమే మేలంటాను.

'రెండు వారాలు రాసినా ఏమీ తగ్గలేదు, అందుకే ఎక్కువ రాస్తున్నాం' అంటారు చాలామంది. అద్దంలో రోజూ చూసుకునేవాళ్లకు ఆ తొందర సహజం. కానీ ఈరోజు బయటపడ్డ మొటిమ లోపల మొదలై వారాలు గడిచాయి. కంటికి కనపడనివి ఇంకా కొన్ని పక్కనే తయారవుతుంటాయి. కాబట్టి ఉన్న మొటిమ మీద చుక్క పెట్టి ఊరుకోకుండా, మొటిమలు వచ్చే చోటంతా పల్చగా రాయాలి. మొదట్లో రోజు విడిచి రోజు చాలు. చర్మం పొడిబారితే మాయిశ్చరైజర్ తోడవ్వాలి. ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. లోతుగా గడ్డలు కట్టి మచ్చలు పడుతుంటే మాత్రం అన్నాళ్లు ఆగకూడదు, వెంటనే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి.