ఇంట్లో కూర్చిన కంప్యూటర్: ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేటప్పుడు ఆగిపోతే లోపం కనిపెట్టే పద్ధతి

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- కంప్యూటర్ నిజంగా ఆగిపోయిందా, నెమ్మదిగా పనిచేస్తోందా అన్నది గుర్తించగలుగుతారు;
- ఇన్‌స్టాలేషన్ సమయంలోనే దాగి ఉన్న లోపాలు ఎందుకు బయటపడతాయో వివరించగలుగుతారు;
- ర్యామ్, వేడి, విద్యుత్ సరఫరా, డిస్క్, బయోస్ లోపాలను ఒక క్రమంలో పరీక్షించగలుగుతారు;
- అనవసరంగా కొత్త భాగాలు కొనకుండా జాగ్రత్త పడగలుగుతారు.

1. పరిచయం

మన ప్రాంతంలో చాలామంది విద్యార్థులు కంప్యూటర్‌ను ఒకేసారి కొనరు. డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా ఒక్కో భాగం కొంటారు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో మదర్‌బోర్డు, ర్యామ్ కొని, రైల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తెచ్చుకుని ఇంట్లో బిగించుకుంటారు. స్క్రీన్ వెలుగుతుంది, బయోస్ కనిపిస్తుంది. తీరా విండోస్ గానీ, ఉబుంటు గానీ ఎక్కించేటప్పుడు సగంలో అంతా బిగుసుకుపోతుంది.

చాలా ఏళ్ల కిందట ధర్మవరం నుంచి ఒక విద్యార్థి ఇలాంటి యంత్రాన్నే నా దగ్గరకు తెచ్చాడు. వాళ్లది మగ్గం నేసే ఇల్లు. నేను పది నిమిషాలు చూసి, మదర్‌బోర్డు పోయిందని చెప్పేశాను. వాళ్లు అప్పు చేసి ఇంకో బోర్డు కొన్నారు. కొత్త బోర్డు మీద కూడా కంప్యూటర్ అలాగే ఆగిపోయింది. అసలు లోపం రెండు ర్యామ్‌లలో ఒకదానిది. పాత బోర్డును దుకాణం వాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆ నష్టానికి కారణం నా తొందరపాటే. ఈ పాఠంలోని క్రమాన్ని నేను ఆ తర్వాతే అలవాటు చేసుకున్నాను.

2. ఆగిపోవడం అంటే ఏమిటి?

స్క్రీన్ కదలకపోతే కంప్యూటర్ ఆగిపోయినట్టే అనుకోకండి. ముందుగా కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటే లోపల పని ఇంకా సాగుతూ ఉండవచ్చు. క్యాబినెట్ మీది డిస్క్ దీపం మినుకుమంటోందా చూడండి. పాత హార్డ్‌డిస్క్, నాసిరకం పెన్‌డ్రైవ్ ఉంటే అరగంట వరకూ ఒకే శాతం దగ్గర నిలిచినట్టు కనిపించవచ్చు. క్యాప్స్‌లాక్ దీపం స్పందించక, మౌస్ బాణం కదలక, డిస్క్ దీపం కూడా అరగంట పాటు మారకుండా ఉంటే అప్పుడు అది నిజంగా ఆగిపోయిందని భావించవచ్చు.

తర్వాత, ఎక్కడ ఆగిందో రాసుకోండి. కనీసం మూడుసార్లు ప్రయత్నించి పోల్చండి.

- ప్రతిసారీ ఒకే చోట ఆగితే: ఇన్‌స్టాలేషన్ ఫైలు, డిస్క్, గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానం.
- ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే: ర్యామ్ లేదా విద్యుత్ సరఫరా మీద అనుమానం.
- ఏ పని చేస్తున్నా స్విచ్ వేసిన ఇన్ని నిమిషాలకే ఆగి, చల్లారిన తర్వాత మళ్లీ కొంతసేపు నడిస్తే: వేడి మీద అనుమానం.

ఇవి అనుమానాలు మాత్రమే. రుజువు కావాలంటే పరీక్ష చేయాలి.

3. ఇన్‌స్టాలేషన్ సమయంలోనే ఎందుకు?

బయోస్ తెర చూపించడానికి కొద్దిపాటి ర్యామ్ చాలు, ప్రాసెసర్‌కు పెద్దగా శ్రమ ఉండదు. ఇన్‌స్టాలేషన్ అలా కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ పెన్‌డ్రైవ్‌లో కుదించిన రూపంలో ఉంటుంది. దాన్ని చదవాలి, ర్యామ్‌లోకి తెచ్చి విప్పాలి, డిస్క్ మీద రాయాలి. ఈ పనిలో ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ మూడూ ఒకేసారి కష్టపడతాయి. కుదించిన ఫైలులో ఒక్క బిట్ తారుమారైనా ఆ తర్వాతి భాగం సరిగా విప్పుకోదు. వీటికి తోడు కొత్త డ్రైవర్లు కూడా అప్పుడే మొదలవుతాయి. అంటే లోపం ముందు నుంచే ఉంటుంది, ఇన్‌స్టాలేషన్ దాన్ని బయటపెడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. స్క్రీన్ కదలనప్పుడు క్యాప్స్‌లాక్ దీపాన్ని ఎందుకు పరిశీలించాలి?
2. ప్రతిసారీ వేర్వేరు చోట్ల ఆగితే మొదట దేన్ని అనుమానించాలి?

4. లోపం వెతికే క్రమం

ఇందులో సూత్రం ఒకటే: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు పడుగంతా కోసి పారేయడు, తెగిన పోగును వెతికి ముడివేస్తాడు. ర్యామ్, కేబుల్, ఎస్‌ఎంపీఎస్ మూడూ ఒకేసారి మార్చితే కంప్యూటర్ బాగుపడవచ్చు గానీ, లోపం దేనిదో మీకు తెలియదు. చేసిన మార్పునూ, వచ్చిన ఫలితాన్నీ నోటుబుక్కులో రాయండి. డిస్క్‌లో పాత ఫోటోలు, సర్టిఫికెట్లు ఉంటే ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి. ఇన్‌స్టాలేషన్‌లో పార్టిషన్లు చెరిపితే అవి మామూలుగా తిరిగి రావు.

4.1 పెన్‌డ్రైవ్

దీనికి ఖర్చు లేదు కాబట్టి దీనితోనే మొదలుపెట్టండి. ఫైలును అధికారిక సైటు నుంచే దింపుకోండి. నెట్ మధ్యలో తెగి ఫైలు పాడై ఉండవచ్చు. సైటులో ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య ఇచ్చి ఉంటే, మీ ఫైలుకు వచ్చే సంఖ్యతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు పనికిరాదు. తర్వాత ఇంకో పెన్‌డ్రైవ్ వాడి, క్యాబినెట్ ముందువైపు కాకుండా వెనుక మదర్‌బోర్డు మీదే ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి.

4.2 కనీస భాగాలు

కరెంటు తీసేసి, అవసరం లేనివన్నీ విప్పండి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఒక్క డిస్క్, కీబోర్డు, మౌస్ చాలు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే విడి గ్రాఫిక్స్ కార్డును కూడా తీయండి. అయితే పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు. వాటికి కార్డు తీస్తే తెర రాదు, దాన్ని లోపమని పొరబడకండి. ప్రాసెసర్ దగ్గర ఉండే 8 పిన్నుల కేబుల్, 24 పిన్నుల ప్రధాన కేబుల్ పూర్తిగా లోపలికి దిగాయో లేదో చూడండి. బెంగళూరులో బిగించి రైల్లోనో బస్సులోనో తెచ్చిన యంత్రమైతే కుదుపులకు ర్యామ్, కూలర్ వదులై ఉండవచ్చు.

4.3 ర్యామ్

నా అనుభవంలో ఎక్కువసార్లు దోషి ఇదే. ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే వేగపు అమరికను ఆపేయండి. ర్యామ్ డబ్బా మీద రాసిన వేగం చాలావరకు ఈ అమరికతో వచ్చేదే. అన్ని బోర్డులూ, ప్రాసెసర్లూ దాన్ని తట్టుకుంటాయన్న హామీ లేదు. తర్వాత మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో వేసి నడపండి. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ అవసరం లేకుండానే పనిచేస్తుంది. కనీసం ఒక పూర్తి ఆవృత్తి, వీలైతే రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపినా దాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

తప్పు వస్తే ర్యామ్ చెడిందా, స్లాటు చెడిందా తేల్చాలి. ఒక ర్యామ్‌ను ఒక స్లాటులో పెట్టి పరీక్షించండి. రెండో ర్యామ్‌ను అదే స్లాటులో పెట్టి చూడండి. తప్పు ర్యామ్‌తోపాటు కదిలితే లోపం ర్యామ్‌ది. ఏ ర్యామ్ పెట్టినా అదే స్లాటులో తప్పు వస్తుంటే బోర్డుది గానీ, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌ది గానీ. రెండు ర్యామ్‌లూ విడివిడిగా బాగుండి, కలిపితేనే తప్పులు వస్తే అవి ఒకదానికొకటి పొసగడం లేదు. వేర్వేరు కంపెనీల, వేర్వేరు వేగాల ర్యామ్‌లు కలిపినప్పుడు ఇలా జరుగుతుంటుంది.

4.4 వేడి

ఏప్రిల్, మే నెలల్లో ధర్మవరంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. దీని ప్రభావాన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. ప్రాసెసర్ ఉష్ణోగ్రత దాదాపుగా గది ఉష్ణోగ్రతకు, వాట్లను కూలర్ ఉష్ణనిరోధంతో గుణిస్తే వచ్చేదాన్ని కలిపినంత. 65 వాట్ల ప్రాసెసర్‌కు, వాటుకు 0.6 డిగ్రీల నిరోధం ఉన్న కూలర్ పెట్టామనుకోండి. పెరుగుదల 39 డిగ్రీలు. 25 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 64 దగ్గర, 42 డిగ్రీల గదిలో 81 దగ్గర ఉంటుంది. రెండూ ఫరవాలేదు.

ఇప్పుడు కూలర్ నాలుగు పిన్నుల్లో ఒకటి సరిగా దిగక, నిరోధం 1.0కి పెరిగిందనుకుందాం. పెరుగుదల 65 డిగ్రీలు అవుతుంది. 25 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 90 వరకు వెళ్లి ఎలాగో నడుస్తుంది. 42 డిగ్రీల గదిలో అది 107కు చేరాలి. చాలా ప్రాసెసర్లకు హద్దు 95 నుంచి 100 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఆ హద్దు దగ్గర ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే యంత్రమే ఆరిపోతుంది. దుకాణంలో నడిచిన కంప్యూటర్ ఇంట్లో నడవకపోవడానికి ఇదొక కారణం.

బయోస్‌లో ఉష్ణోగ్రత చూపే పేజీ తెరిచి పది నిమిషాలు గమనించండి. ఏ పనీ లేకుండానే 80 దాటితే కూలర్ విప్పి చూడండి. దాని అడుగున ప్లాస్టిక్ పొర తీయడం మరచిపోయారేమో, థర్మల్ పేస్టు ఎండిపోయిందేమో పరిశీలించండి. కూలర్ విప్పిన ప్రతిసారీ పాత పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత వేయాలి. బోర్డు మీది విద్యుత్ భాగాలు, ఎస్‌ఎస్‌డి వేడెక్కినా యంత్రం ఆగిపోవచ్చు. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టి మళ్లీ ప్రయత్నించండి. అప్పుడు ఇన్‌స్టాలేషన్ పూర్తయితే కారణం వేడేనని దాదాపుగా తేలినట్టే.

4.5 కరెంటు

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల సరఫరా. పక్కన బోరు మోటారు వేసినప్పుడో, వెల్డింగ్ చేస్తున్నప్పుడో దీపాలు మందగిస్తే వోల్టేజి పడిపోతోందని అర్థం. ఎస్‌ఎంపీఎస్ ఎంత తక్కువ వోల్టేజిని తట్టుకుంటుందో దాని మీది చీటీలో ఉంటుంది. ఆగిపోయిన సమయాలను నోటుబుక్కులో రాసి ఉంటే, అవి సాయంత్రం వేళలకే పరిమితమా అన్నది తెలుస్తుంది. అలా అయితే తెల్లవారుజామున ఒకసారి ప్రయత్నించండి.

మల్టీమీటర్ వాడటం వచ్చినవారు ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వోల్టేజీలు కొలవవచ్చు. 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 వరకు ఉండాలి. అయితే క్షణకాలం పడిపోయే వోల్టేజిని మల్టీమీటర్ పట్టుకోలేదు. స్నేహితుని దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి, దానికి సంబంధించిన కేబుళ్లతోనే మార్చి చూడటం నమ్మకమైన పరీక్ష. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎప్పుడూ తెరవకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్ నిలిచి ఉంటుంది. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటే ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

4.6 డిస్క్, గ్రాఫిక్స్, బయోస్

ఫైళ్లు కాపీ చేసేచోటే ప్రతిసారీ ఆగితే సాటా కేబుల్, పోర్టు మార్చండి, లేదా వేరే డిస్క్ మీద ఎక్కించి చూడండి. లినక్స్ మొదలవుతూనే తెర నల్లబడి ఆగితే బూట్ మెనూలో 'నోమోడ్‌సెట్' అన్న మాటను చేర్చి ప్రయత్నించండి. దీనితో గ్రాఫిక్స్ డ్రైవర్ తాత్కాలికంగా పక్కకు తప్పుకుంటుంది.

చివరిగా బయోస్. కొన్నిసార్లు లోపం బిగించినవారిది కాదు, తయారీదారుదే కావచ్చు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి కారణంగా అస్థిరంగా మారుతున్నాయని ఆ సంస్థే 2024లో ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టులో బయోస్ ద్వారా సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. సవరణ కొత్త నష్టాన్ని ఆపుతుందే గానీ అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బాగుచేయదు. అందుకే మీ ప్రాసెసర్ తరం, బయోస్ సంచిక రాసిపెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు కాబట్టి యూపీఎస్ ఉన్నప్పుడే ఆ పని చేయండి.

5. దుకాణానికి వెళ్లే ముందు

ఇన్ని పరీక్షల తర్వాత ఒక భాగం చెడిందని తేలితే, నోటుబుక్కును, మెమ్‌టెస్ట్ తెర ఫోటోను, బిల్లును వెంట తీసుకెళ్లండి. "కంప్యూటర్ ఆగిపోతోంది" అని చెబితే దుకాణదారు తనకు తోచిన భాగం మారుస్తాడు. "ఈ ర్యామ్ రెండు స్లాట్లలోనూ తప్పులు చూపింది, ఇంకో ర్యామ్ రెండింటిలోనూ బాగుంది" అని చెబితే వాదనకు తావుండదు. ఆనాడు ఆ ధర్మవరం విద్యార్థి చేతిలో ఇలాంటి ఒక్క పేజీ ఉండి ఉంటే, నా మాట నమ్మి రెండో బోర్డు కొనవలసిన పని ఉండేది కాదు.

6. సారాంశం

ఇన్‌స్టాలేషన్‌లో ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ ఒకేసారి శ్రమిస్తాయి కాబట్టి దాగిన లోపాలు అక్కడే బయటపడతాయి. ముందు నిజంగా ఆగిందా, ఎక్కడెక్కడ ఆగుతోందో చూడాలి. తర్వాత పెన్‌డ్రైవ్, కనీస భాగాలు, ర్యామ్, వేడి, కరెంటు, డిస్క్, గ్రాఫిక్స్, బయోస్ అన్న క్రమంలో, ఒకసారికి ఒక్క మార్పు చేస్తూ పరీక్షించాలి. ఖర్చు లేని పరీక్షలన్నీ అయ్యాకే డబ్బు ఖర్చు పెట్టాలి.

7. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. ర్యామ్ లోపాన్ని, స్లాటు లోపాన్ని వేరుచేసి గుర్తించే పద్ధతిని వివరించండి.
2. 65 వాట్ల ప్రాసెసర్‌కు వాటుకు 0.8 డిగ్రీల నిరోధం ఉన్న కూలర్ పెట్టారు. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలైతే ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఎంత? అది సురక్షితమేనా? చర్చించండి.
3. లోపం వెతికేటప్పుడు ఒకసారికి ఒక్క మార్పే ఎందుకు చేయాలి? ఉదాహరణతో రాయండి.