ఆ ‘గుడ్’ ఎవరికొచ్చింది?

రాత్రి తొమ్మిదిన్నర. గిన్నెలు సర్దుతూ హాల్లోకి తొంగి చూశాను. మా బుజ్జిగాడు తెలుగు నోట్సు మీదే బుగ్గ ఆనించి నిద్రపోయాడు. చదివేది మూడో తరగతి. ఎనిమిదో ఎక్కం ఐదుసార్లు రాయాలి, ఇంగ్లీషు కాపీరైటింగ్ రెండు పేజీలు మిగిలింది. లేపితే ఏడుస్తాడు. లేపకపోతే రేపు క్లాసు బయట నిలబెడతారు.

ఏం చేశానో తెలుసా? ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుని, వాడి వంకర అక్షరాల్లాగే అంతా నేనే రాసేశాను!

మర్నాడు ఆ పేజీ కింద ఎర్ర ఇంకుతో ‘గుడ్’, పక్కన ఒక స్టారు. వాడు మాత్రం నవ్వలేదు.

"అమ్మా, ఇది నీకొచ్చింది కదా" అన్నాడు. సిగ్గేసింది.

రూల్ ఏం చెబుతోంది?

కేంద్రం 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి వరకూ అసలు హోంవర్కే ఉండకూడదు. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదు. రోజుకి కాదండీ, వారానికి! అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన హారిస్ కూపర్ బృందం అప్పటి పరిశోధనలు పరిశీలించి 2006లో ఒక మాట చెప్పింది. హోంవర్క్‌కీ మార్కులకీ సంబంధం పెద్ద తరగతుల్లో బాగానే కనిపిస్తుందట. చిన్న తరగతుల్లో మాత్రం అది చాలా బలహీనం. తరగతికి పది నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే చాలంటారు కూపర్. అంటే మా వాడికి అరగంట.

మా పనమ్మాయి కూతురిదీ మూడో తరగతే. "మాకు చదువు రాదు కదమ్మా, దానికెవరు చెబుతారు? అందుకే ట్యూషన్లో వేశాం" అంది. అప్పుడర్థమైంది, ఇలాంటి హోంవర్క్ పిల్లల తెలివిని కాదు, ఇంట్లోవాళ్ల చదువునీ తీరికనీ పరీక్షిస్తోందని.

టీచరమ్మ మాట

దెబ్బలాడదామనే స్కూలుకి వెళ్లాను. టీచర్ అంతా విని, "మేం ఇవ్వకపోతే ‘ఫీజులు తీసుకుని ఏం చెబుతున్నారు?’ అని ఫోన్లు చేసేది మీరే కదండీ" అంది. నోట మాట రాలేదు. జూన్‌లో అడ్మిషన్ రోజున "హోంవర్క్ రోజూ ఇస్తారా?" అని అడిగింది నేనే మరి!

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. అరగంట కాగానే ఎక్కడిదక్కడ ఆపేయాలి. ‘ఇంతవరకే చేశాడు’ అని నేను సంతకం పెట్టాలి. తప్పులు దిద్దకూడదు. తప్పు కనిపిస్తేనే కదా, వాడికేం రాలేదో ఆవిడకి తెలిసేది!

ఇప్పుడు సాయంత్రాలు కిరాణా కొట్లో చిల్లర లెక్క వాడిదే. పడుకునే ముందు నానమ్మకి ఒక కథ చదివి వినిపిస్తాడు. ‘డ’కి ‘ద’ అంటే ఆవిడే సరిచేస్తుంది.

మొన్న నోట్సు తెచ్చి చూపించాడు. సగమే నిండిన పేజీ, రెండు తప్పులు, స్టారు లేదు.

"ఇది మాత్రం నాదే అమ్మా" అన్నాడు.

మీ ఇంట్లో హోంవర్క్ ఎవరు చేస్తున్నారు? ఇవాళ రాత్రి ఒకసారి చూడండి.