ముద్ద - ముచ్చట: నల్లగొండ పల్లెలలో శైశవ వికాస పరిశోధన

నల్లగొండ జిల్లా పేరు వైద్యశాస్త్ర గ్రంథములలో చాలకాలముగా కనిపించుచునే యున్నది. బావినీటిలో మితిమించిన ఫ్లోరైడు వలన పళ్ళు గారపట్టుట, ఎముకలు వంకరపోవుట ఇక్కడి పల్లెలకు తెలిసిన బాధయే. సున్నము, పటిక కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు విధానమునకు "నల్లగొండ పద్ధతి" యనియే పేరు వచ్చినది. ఇదే జిల్లాలో పసివారి బుద్ధి వికాసమును గురించి జరిగిన మరియొక గొప్ప పరిశోధన కలదు. దానిని గూర్చి మన పాఠశాలలలో ఎవరును అంతగా చెప్పుకొనరు.

ఆ పరిశోధకులు వేసికొన్న ప్రశ్న చాల సులభమైనది. బిడ్డకు తిండి సరిగా పెట్టినచో బుద్ధి దానంతట అదే వికసించునా? లేక తిండితోబాటు మాటయు, ఆటయు కూడ కావలెనా? ముసలమ్మలనడిగినచో రెండును కావలెననియే చెప్పుదురు. కాని శాస్త్రమునకు అంతటితో తృప్తి లేదు. దేనివలన ఎంత లాభము కలుగుచున్నదో విడదీసి కొలువవలెను.

ముందుగా మెదడు సంగతి కొంత తెలిసికొందము. పుట్టినప్పుడు శిశువు మెదడు పెద్దవారి మెదడులో ఇంచుమించు నాలుగవ వంతు బరువుండును. రెండేండ్లు నిండునప్పటికి అది నాలుగింట మూడు వంతులకు చేరును. శరీరములోని చాల అవయవములు ఇంత తొందరగా పెద్దవానితో సమానము కాజాలవు. నాడీకణములలో అధికభాగము పుట్టుకకు ముందే ఏర్పడియుండును. పుట్టిన పిమ్మట వానిమధ్య సంబంధములు లెక్కకు మించి పెరుగును. నాడీతంతువులపై మైలిన్ అను కొవ్వుపొర, విద్యుత్తు తీగపై తొడుగువలె, క్రమముగా ఏర్పడును. ఆ పొర ఏర్పడుటకు ఇనుము కావలెను. ఇక కణముల మధ్య సంబంధములలో వాడుకలో నున్నవి గట్టిపడును, వాడుకలో లేనివి రాలిపోవును. పొలమునకు అడ్డముగా నలుగురు నడిచినచో బాట పడును. నడుచుట మానినచో ఆ బాటను గడ్డి కప్పివేయును. శిశువు విను ప్రతి మాటయు, చేతబట్టి త్రిప్పిచూచు ప్రతి వస్తువును అట్టి నడకయే.

ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు చాలును. అటుపిమ్మట తల్లిపాలు మాన్పకయే వేరు ఆహారము కూడ మొదలుపెట్టవలెను. ఏలన గర్భములో నున్నప్పుడు శిశువు కూడబెట్టుకొన్న ఇనుము ఆ సమయమునకు తరిగిపోవును. తల్లిపాలలో ఇనుము బహు స్వల్పము. ఇక్కడనే మన ఇండ్లలో రెండు పొరపాట్లు జరుగుచుండును. ఒకటి, అన్నప్రాశన పేరునకు జరిగినను నిజముగా తినిపించుట ఆలస్యమగును. రెండు, పెట్టునది పలుచనగా నుండును. బిడ్డకు అరగదేమోయని గంజియో, అంబలియో, చారునీళ్ళలో పిసికిన నాలుగు మెతుకులో పోయుదురు. పసివాని కడుపు చిన్నది. అది నీళ్ళతోనే నిండినచో బలమునకు చోటెక్కడ? వేళ్ళ సందున జారిపోవు అంబలికంటె చెంచాలో నిలిచియుండు మెత్తని ముద్ద మేలు. అందులో పప్పు, ఆకుకూర, కొద్దిగా నెయ్యి కలిసినచో మరియు మేలు. గ్రుడ్డు దొరికినచో చెప్పనక్కరలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయములలో పేరుగన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ చేతిమీదుగా చిన్న పరిశోధన కేంద్రముగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఈ సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, అమెరికా దేశపు మార్గరెట్ బెంట్లీ, పాట్రిస్ ఎంగిల్, పెరూ దేశమున పనిచేయుచున్న హిలరీ క్రీడ్-కనషిరో మున్నగువారు కలిసి నల్లగొండ జిల్లాలో ఈ ప్రయోగమును నడిపిరి. 2016లో జిల్లాల విభజన జరుగకముందటి మాట యిది. దాని ఫలితములు 2013లో ప్రకటింపబడినవి.

ప్రయోగమును అమర్చిన తీరును విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. మూడు సమగ్ర శిశు అభివృద్ధి పథకపు ప్రాంతములనుండి 60 గ్రామములను తీసికొని మూడు జట్లుగా పంచిరి. ఏ గ్రామము ఏ జట్టులోనికి పోవలెనో పరిశోధకుని ఇష్టమునకు వదలక, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. మూడు నెలల వయసుగల 600 మంది శిశువులను చేర్చుకొని వారికి 15 నెలలు వచ్చువరకు అనుసరించిరి. మొదటి జట్టు గ్రామములలో అంగన్‌వాడీ ద్వారా మామూలుగా అందు సేవలు మాత్రమే యుండెను. రెండవ జట్టులో వానికితోడు ఎప్పుడు, ఏమి, ఎంత, ఎంత చిక్కగా తినిపించవలెనో తల్లులకు బోధించిరి. మూడవ జట్టులో ఈ ఆహారబోధతోబాటు, బిడ్డ సైగలను కనిపెట్టి తినిపించుట, బిడ్డతో మాటలాడుట, ఆడించుట కూడ నేర్పిరి. బోధించినవారు పట్టణమునుండి వచ్చిన వైద్యులు కారు. శిక్షణ పొందిన గ్రామస్త్రీలే క్రమము తప్పక ఇంటింటికి పోయి చెప్పిరి. ఇది నాకు ఈ ప్రయోగములోకెల్ల నచ్చిన అంశము.

పిల్లలను విడివిడిగా పంచక గ్రామములనే ఏల పంచిరి? ఒకే ఊరిలో ఒక తల్లికి చెప్పి ప్రక్కింటి తల్లికి చెప్పకుండుట సాధ్యమా? బోరింగు దగ్గర బిందె నిండులోపల ఆ ముచ్చట ఊరంతయు ప్రాకును. అప్పుడు ఎవరు నేర్చుకొన్నవారో, ఎవరు కారో చెప్పుట కష్టము. అందుచే ఊరిని ఒక గుంపుగా తీసికొందురు. మొదట కొలిచి చూచినప్పుడు ఆర్థికస్థితిలోను, తల్లీబిడ్డల పోషణలోను, తల్లుల మానసిక కుంగుదలలోను మూడు జట్లకు భేదము లేకుండెను. కుంగుదలను కూడ కొలుచుట ఏలయని అడుగవచ్చును. మనసు కుంగిన తల్లి బిడ్డతో తక్కువ మాటలాడును. ఆ భేదము ముందే యుండినచో ఫలితమునకు అర్థము మారిపోవును.

పిల్లలకు 15 నెలలు వచ్చినపుడు పొడవును కొలిచిరి. బుద్ధివికాసమును బేలీ కొలమానముతో పరీక్షించిరి. ఈ కొలమానము నాన్సీ బేలీ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞురాలు రూపొందించినది. గిన్నెలో చిన్న దిమ్మెలు వేయగలడా, గుడ్డ క్రింద దాచిన బొమ్మను వెదకి తీయగలడా, విన్న మాటను తిరిగి అనగలడా, ఇట్టి పనులు బిడ్డచే చేయించి చూచి మార్కులు వేయుదురు. సగటు 100 మార్కులు వచ్చునట్లును, ప్రామాణిక విచలనము 15 ఉండునట్లును దానిని అమర్చిరి.

ఫలితములు ఇట్లు తేలినవి. బోధ జరిగిన రెండు జట్లలోను పిల్లలు తిను ఆహారములో శక్తి, మాంసకృత్తులు, విటమిను ఎ, ఇనుము, జింకు పెరిగినవి. ఆహారబోధ మాత్రమే పొందిన జట్టులో పిల్లలు పొడవులో మామూలు జట్టుకంటె 0.19 ప్రామాణిక విచలనములు మిన్నగా నుండిరి. ఆ వయసున అది సుమారు అర సెంటీమీటరు. కాని వారి బుద్ధిమార్కులలో చెప్పుకోదగిన భేదము లేదు. ఆటయు మాటయు కలిసిన మూడవ జట్టులో బుద్ధిమార్కులు సగటున 3.1 పెరిగినవి, పొడవులో మాత్రము చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. ముద్ద ఒంటికి పట్టినది, ముచ్చట బుద్ధికి పట్టినది! వినుటకు ఇంపుగా నున్నది. కాని అంత తొందరగా నమ్మరాదు. మూడవ జట్టు పిల్లలు కూడ ఆహారబోధ పొందినవారే, వారి తిండియు మెరుగుపడినదే. మరి పొడవు ఏల పెరుగలేదు? చాల సంగతులు ఒకేసారి చెప్పుటచే తల్లులు కొన్నిటిని వదలివేసి యుండవచ్చును. మరియొక సంగతి కలదు. ఒక జట్టులో భేదము "చెప్పుకోదగినది", ఇంకొక జట్టులో "చెప్పుకోదగనిది" అయినంత మాత్రమున ఆ రెండు జట్ల మధ్య భేదమున్నదని ఋజువైనట్లు కాదు. ఇది పెద్ద పెద్ద చదువులు చదివినవారును తరచుగా పడు బురద. పొడవునకు లెక్కగట్టిన హద్దులు 0.0 నుండి 0.4 వరకు నున్నవి. అనగా నిజమైన లాభము సున్నకు దగ్గరగా నున్నను ఆశ్చర్యము లేదు. బుద్ధిమార్కులకు హద్దులు 0.8 నుండి 5.3 వరకు, ఇవి సున్నకు దూరముగా నున్నందున ఆ ఫలితము గట్టిది. 3.1 మార్కులనగా ప్రామాణిక విచలనములో ఐదవ వంతు మాత్రమే. ఒక్క బిడ్డలో దానిని కంటితో పోల్చుకొనలేము. ఒక మండలములోని పిల్లలందరి సగటు అంత జరిగినచో అది చిన్న విషయము కాదు. ఈ కుటుంబములు తిండికి లోటు లేనివి యను సంగతియు మరువరాదు. ఇంట గింజలే లేనిచోట బోధ ఏమి చేయగలదు?

ఆటపాటల లాభము నిలిచియుండునా యను ప్రశ్నకు జమైకా దేశములో సమాధానము దొరకినది. కింగ్‌స్టన్ నగరపు పేదపేటలలో ఎదుగుదల తగ్గిన 129 మంది పసివారిపై సాలీ గ్రాంథమ్-మెగ్రెగర్ బృందము చేసిన ప్రయోగము 1991లో వెలువడినది. రెండేండ్లపాటు వారమునకొక గంట ఇంటికి పోయి తల్లికి ఆడించు విధము నేర్పిరి. కొందరికి పాలపొడి ఇచ్చిరి. మొదట రెండును బుద్ధికి మేలు చేసినవి. కాలము గడచిన కొలది ఆట వలని మేలు మాత్రమే నిలిచినది. ఆడింపబడిన పిల్లలు 22 ఏండ్ల వయసున ఇతరులకంటె సుమారు 25 శాతము ఎక్కువ సంపాదించుచుండిరని 2014లో ప్రకటించిరి.

దీనినిబట్టి ముద్దను తక్కువ చేయరాదు. 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు చుట్టుపట్ల 29 గ్రామములలో జాతీయ పోషకాహార సంస్థ నడిపిన ప్రయోగములో, గర్భిణులకును ఆరేండ్ల లోపు పిల్లలకును కొన్ని గ్రామములలో అదనపు ఆహారమందినది. ఆ పిల్లలు కౌమారమునకు వచ్చినపుడు తక్కిన గ్రామముల వారికంటె సుమారు 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. ఇక పాలమూరు సంగతి వేరు. మహబూబునగరము జిల్లా ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారి "యంగ్ లైవ్స్" అధ్యయనములో చేరినది. 2002లో మొదలైన ఈ అధ్యయనము నాటి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను ఏండ్ల తరబడి అనుసరించుచు వచ్చినది. అది మొదలైన కాలమే కరవుకాలము. కరవు తాకిన ఇండ్లలోని పసివారు బరువులోను ఎత్తులోను వెనుకబడిరి. 2003లో మన బడులలో మధ్యాహ్న భోజనము మొదలైనది. బడిలో ఆ అన్నము దొరకిన పిల్లలు 2006-07 నాటికి ఆ వెనుకబాటును పూడ్చుకొనిరని ఈ లెక్కలనుండి అభిజీత్ సింగ్ మున్నగు అర్థశాస్త్రజ్ఞులు చూపిరి. శైశవములో తప్పిపోయినది ఇక తిరిగిరాదని కొందరు గట్టిగా చెప్పుచుందురు. ఈ ఫలితమును చూచినచో వారు కొంత మెత్తబడవలసియుండును.

నల్లగొండలో పని అంతటితో ఆగలేదు. అన్నములో కలుపు సూక్ష్మపోషకముల పొడితో మరియొక ప్రయోగము జరిగినది. ఇనుము, జింకు, విటమినులుగల పొడిని కొన్ని అంగన్‌వాడీలలో పిల్లల భోజనములో కలిపిరి; తక్కినచోట్ల చూచుటకు అట్లే యుండు వేరు పొడిని కలిపిరి. ఇనుము అందిన పిల్లలలో రక్తహీనత తగ్గినది. బోధన నాసిగా నున్న అంగన్‌వాడీలలో ఆ పిల్లల మాటనేర్పును, తమను తాము అదుపులో నుంచుకొను శక్తియు మెరుగుపడినవి. బోధన బాగుగా నున్నచోట పొడివలన అట్టి అదనపు లాభము కనబడలేదు. తెలంగాణలో ఆరు నెలలు మొదలు ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత యున్నదని 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. ఆ లెక్క ప్రక్కన పెట్టి చూచినచో ఈ ఫలితము విలువ తెలియును.

తల్లి కూలికో, నాట్లకో పోయినప్పుడు పసివానిని చూచువారెవరు? చాల ఇండ్లలో అక్కయే, అన్నయే. ఈ పత్రిక చదువు విద్యార్థులలో అట్టివారు తప్పక యుందురు. మూడవ జట్టులోని తల్లులు నేర్చినది కష్టమైన విద్య కాదు. బిడ్డకు ఎదురుగా కూర్చుండి, వాని కన్నులు చూచుచు తినిపించవలెను. నోరు తెరచువరకు చెంచాను ఆపవలెను. ముఖము త్రిప్పుకొన్నచో బలవంతము చేయక కొంతసేపాగి మరల చూపవలెను. "ఇది పప్పు, ఇది గ్రుడ్డు" అని పేర్లు చెప్పవలెను. వాడు "ఊ" యనినచో తామును బదులు పలుకవలెను. చేతితో తానే తీసికొని తినబోవునపుడు చేయి పట్టి ఆపరాదు, కొంత ఒలికినను సరే. ఆటవస్తువులు కొననక్కరలేదు. శుభ్రముగా కడిగిన స్టీలు గిన్నె, నోటిలో పట్టనంత పెద్ద మూత, గుడ్డబొమ్మ చాలును. గిన్నెక్రింద మూత దాచి "ఎక్కడ?" అని అడుగుడు. పది నెలల పసివాడు గిన్నె నెత్తి వెదకినచో, కంటికి కనబడని వస్తువు కూడ ఉండునని వానికి తెలిసినదన్నమాట.