కాళ్ళ పట్టు తప్పితే వాతమేనా?

నడుము నొప్పి, కాళ్ళ తిమ్మిరి కనిపించగానే వాతమని నిర్ణయించుకొని తైలమర్దనం, కాపడం మొదలుపెట్టడం మన ఇళ్ళలో పరిపాటి. చాలా సందర్భాలలో వాటివల్ల ఉపశమనం లభిస్తుంది. కాని వెన్నుపాము రక్తనాళాలలో లోపమున్నవారికి ఆ విధంగా గడచే ప్రతి నెలా నష్టమే.

ఈ లోపాలు అరుదు. వీటిలో అధికంగా కనిపించేది, వెన్నుపామును కప్పి ఉండే దళసరి పొరలో ఒక ధమని నేరుగా సిరతో కలిసిపోవడం. ఏటా పది లక్షల మందిలో 5 నుండి 10 మందికి ఇది ఏర్పడుతుందని అంచనా. బాధితులలో అయిదింట నాలుగు వంతులు పురుషులు. అధికులు 50 ఏళ్ళు దాటినవారు. ధమనిలోని ఒత్తిడి సిరలోకి చేరడంతో రక్తం వెనుకకు మరలలేక, వెన్నుపాము వాచి క్రమంగా దెబ్బతింటుంది.

నడిచేకొద్దీ కాళ్ళు బరువెక్కడం, పాదాల నుండి పైకి పాకే తిమ్మిరి, పిమ్మట మలమూత్రాలపై అదుపు తగ్గడం దీని లక్షణాలు. డిస్కు జారిందనో, ప్రోస్టేటు గ్రంథి పెరిగిందనో పొరబడి ఏడాది, రెండేళ్ళు గడిచిపోతుంటాయి. చిన్న వయసువారిలో కనిపించే మరో రకంలో, చిక్కుపడిన రక్తనాళాలు చిట్లి, వెన్నులో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చి కాళ్ళు పడిపోవచ్చు.

ఎం.ఆర్.ఐ. పరీక్షలో వెన్నుపాము వాపు, ఉబ్బిన సిరలు సాధారణంగా కనిపిస్తాయి. యాంజియోగ్రామ్ లోపమున్న చోటును చూపుతుంది. శస్త్రచికిత్సతోగాని, సన్నని గొట్టం ద్వారా జిగురు వంటి పదార్థాన్ని పంపిగాని ఆ కలయికను మూసివేస్తారు. నడవగలిగిన దశలోనే చికిత్స జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. తైలం కండరాల బిగువును సడలించగలదేగాని ఈ లోపాన్ని సరిచేయలేదు. కాళ్ళ బలం తగ్గుతున్నా, మూత్రం నిలిచిపోతున్నా మర్దనలతో కాలయాపన చేయక వెంటనే నరాల వైద్యుని సంప్రదించండి.