పావురం ఎగిరింది... పేరు మాత్రం తెర మీద పడలేదు!

‘స్వర్గసీమ’ చూడనివాళ్ళు ఉండవచ్చు. అందులో భానుమతి పాడిన పావురం పాట వినని తెలుగువాడు ఉన్నాడంటే మాత్రం నేను నమ్మను. 1945లో వచ్చిన చిత్రం అది. వాహినీ వారిది, బి.ఎన్‌.రెడ్డి దర్శకత్వం. టైటిల్స్‌లో సంగీతం దగ్గర కనిపించే పేర్లు చిత్తూరు నాగయ్య, ఓగిరాల రామచంద్రరావు. బాగానే ఉంది. మరి ఆ పావురాన్ని గూడులోంచి తీసి ఎగరేసిందెవరు? పాట రాసి, వరస కట్టిందెవరు?

మద్రాసు రేడియోలో పనిచేస్తున్న పాతికేళ్ళ కుర్రాడు! పేరు బాలాంత్రపు రజనీకాంతరావు. అందరికీ రజని. ప్రభుత్వ ఉద్యోగి కనుక సొంత పేరుతో సినిమాలకు పనిచేసే వీలు లేదు. పాట ఊరూరా మోగింది. భానుమతి పేరు మారుమోగింది. రజని మాత్రం మర్నాడు ఎప్పటిలాగే రేడియో ఆఫీసుకు వెళ్ళి, పక్క వారం రూపకానికి రిహార్సల్సు చూసుకుని ఉంటారు.

ఆ రూపకాల గురించే ఈ వ్యాసం. సినిమా పత్రికలో రేడియో గొడవ ఏమిటని విసుక్కోకండి. ఇరవయ్యో శతాబ్దంలో తెలుగువాళ్ళకు ఓపెరా రాసిన సంగీత దర్శకుడెవరని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి పేరు రజని. ఆయన ఓపెరాకు తెర లేదు, వేదిక లేదు, వేషం లేదు. ఉన్నదల్లా మైకు!

ఓపెరా అంటే ఏమిటో సినిమావాళ్ళ భాషలో చెప్పాలంటే చాలా తేలిక. మన సినిమాల్లో కథ నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగుతుంది, పాట వస్తుంది, పాట అయ్యాక కథ మళ్ళీ బయలుదేరుతుంది. ఓపెరాలో అలా కాదు. పాట ఆగితే కథ ఆగినట్టే. కోపమూ పాటే, కబురూ పాటే, చావూ పాటే. 1963 నాటి ‘లవకుశ’ చూశారు కదా! పద్యం మీద పద్యం, పాట మీద పాట వచ్చి కథను భుజాన మోసుకుపోతాయి. దాన్ని ఇంకో నాలుగడుగులు ముందుకు తోయండి, ఓపెరా గుమ్మంలో ఉంటారు.

ఇటలీవాడి పేరు పెట్టుకున్నంత మాత్రాన ఇది మనకు కొత్త సరుకేమీ కాదు. కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవ విజయం’ యక్షగానం పదహారో శతాబ్దిది. తంజావూరు నాయకరాజుల కొలువులో యక్షగానాలు వెల్లువెత్తాయి. త్యాగరాజస్వామి కీర్తనలే కాక ‘ప్రహ్లాద భక్తి విజయం’, ‘నౌకా చరిత్రం’ అని గేయ నాటకాలు కూడా రాశారు. మాది కొడిమ్యాల. అంజన్న కొలువైన కొండగట్టుకు దగ్గరి ఊరు. మా దిక్కున చిందు భాగవతమో, యక్షగానమో పెట్టారంటే రాత్రి మొదలై తెల్లారేదాకా నడవాల్సిందే. చెర్విరాల భాగయ్య రాసిన యక్షగానాల పుస్తకాలను బట్టలో చుట్టి దేవుడి పటం పక్కన దాచుకున్న ఇళ్ళు నేను చూశాను. ఆ ఇళ్ళల్లో ఎవరూ ఓపెరా అన్న మాట వినలేదు, వినాల్సిన అవసరమూ లేదు.

రజనికి ఈ వారసత్వం ఇంట్లోనే దొరికింది. 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి బాలాంత్రపు వేంకటరావు. వేంకట పార్వతీశ్వర కవులు అన్న జంట పేరులో మొదటి సగం ఆయనే. రెండో సగం ఓలేటి పార్వతీశం. పిఠాపురంలో కవుల మధ్య, పాటల మధ్య పెరిగిన కుర్రాడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు చదివి, 1941లో మద్రాసు రేడియో కేంద్రంలో చేరారు. ఆ కేంద్రం వయసు అప్పటికి మూడేళ్ళు! 1938 జూన్‌లో మొదలైంది. అంటే తెలుగు రేడియోకు ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పే పెద్దలు లేరు. ఇలాంటి చోట తెలివైనవాడు పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

పైగా ఆయనకు ముగ్గురు చేసే పని ఒక్కరే చేసే శక్తి ఉంది. మాట రాస్తారు, వరస కడతారు, పాడతారు. సినిమాలో కవి ఒకరు, సంగీత దర్శకుడు ఒకరు. ట్యూను ముందా, మాట ముందా అని ఇద్దరి మధ్యా పేచీ. రజని దగ్గర ఆ పేచీ లేదు. మాటా వరసా ఒకే కడుపున పుట్టేవి.

రేడియో సంగీత రూపకం ఎలా తయారయ్యేదో కాస్త చెప్పాలి. ఎందుకంటే దాని కష్టం దానిదే. స్టేజీ మీద రాజు వచ్చాడంటే కిరీటం చూసి తెలుస్తుంది. సినిమాలో ప్రేమికుడు దూరమయ్యాడంటే కెమెరా వెనక్కి వెళుతుంది. రేడియో శ్రోతకు కళ్ళు లేవు. అందుకని పాత్ర రంగంలోకి రావడం, పోవడం, రాత్రి కావడం, వాన పడడం అన్నీ స్వరంతోనే జరగాలి. పాత్రకో రాగం, సన్నివేశానికో వాద్యం. నాయిక కుములుతోందంటే వీణో, వయొలినో ముందు కబురు చెప్పాలి. గాయకుడు మైకు నుంచి నాలుగడుగులు వెనక్కి వేస్తే కథలో నాలుగు మైళ్ళు నడిచినట్టు! ఆ రోజుల్లో చాలావరకు ప్రత్యక్ష ప్రసారాలు. ఎర్ర దీపం వెలిగిందంటే ఇక దగ్గు వచ్చినా మింగాల్సిందే. సినిమా రికార్డింగులో తప్పు జరిగితే ఇంకో టేకు ఉంటుంది. ఇక్కడ జరిగిన తప్పు ఆంధ్రదేశమంతా వింటుంది.

‘చండీదాసు’నే తీసుకోండి. బెంగాలీ వైష్ణవ కవి, చాకలి పడుచు రామి ప్రేమకథ. సినిమావాళ్ళకు పరిచయమైన కథే. న్యూ థియేటర్స్‌ వారు 1932లో బెంగాలీలోనూ, 1934లో సైగల్‌తో హిందీలోనూ తీశారు. దాన్ని రజని సంగీత రూపకం చేశారు. ‘గ్రీష్మ ఋతువు’ అని మరొకటి. ఎండాకాలాన్ని పాటలో చూపించాలనుకోవడం ఎంత ధైర్యం! ‘కొండ నుంచి కడలి దాకా’ అన్న రూపకానికైతే జపాన్‌ దాకా వెళ్ళి బహుమతి వచ్చింది. ఆయన రేడియో రూపకాలు ‘విశ్వవీణ’ పుస్తకంగా అచ్చయ్యాయి కూడా. కానీ అచ్చులో ఓపెరా చదవడమంటే వంటల పుస్తకం చదివి భోంచేసినట్టే. నాకు ఆ పుస్తకం మీద గౌరవం ఉంది, ఆకలి మాత్రం తీరలేదు.

మరి ఆయన స్వరాల్లో రికార్డుగా నిలిచినవేవి? ఇక్కడే మనసు చివుక్కుమంటుంది.

గ్రామఫోను రికార్డు పది అంగుళాలది. ఒక వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. గంట రూపకం అందులో పట్టించాలంటే పది రికార్డులు కావాలి, ఇరవై సార్లు తిప్పాలి, ప్రతిసారీ ముల్లు ఎత్తి పెట్టాలి. కొన్ని పేరున్న పద్యనాటకాలను కంపెనీలవాళ్ళు అలా సెట్లుగా అమ్మారు, నిజమే. రేడియో రూపకాన్ని మాత్రం గాలిలో ఉచితంగా విన్నవాడు డబ్బిచ్చి ఎందుకు కొంటాడు? అందుకని రజని పనిలో మూడు నిమిషాల్లో ఇమిడినవి బతికాయి. పావురం బతికింది. అది సినిమా పాట, మూడు నిమిషాల పిట్ట.

ఆ పిట్టకు విదేశీ రక్తం కాస్త ఉందంటారు. 1941 నాటి హాలీవుడ్‌ చిత్రం ‘బ్లడ్‌ అండ్‌ సాండ్‌’లోని స్పానిష్‌ బాణీ ఛాయ ఇందులో ఉందని చెబుతారు. ఉంటే ఉండనీయండి. ప్రేరణ అక్కడిదైనా పలుకు గోదావరిది. కాపీ కొట్టడానికీ, కరిగించి పోత పోయడానికీ తేడా ఎంతో ఈ పాట విని మన సంగీత దర్శకులు కొందరు నేర్చుకోవచ్చు. (ఎవరిని అంటున్నానో పేర్లు అడగకండి!)

1946లో ‘గృహప్రవేశం’ వచ్చింది. మళ్ళీ భానుమతే. సంగీతం పేరు నళినీకాంతరావు. రజని సోదరుడు! పేరు తెర మీద పడకపోయినా ఇంటిపేరైనా పడింది కదా అని నవ్వుకోవాలి.

రికార్డుగా బతికిన మరో పాట చరిత్రకే ఎక్కింది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి, స్వతంత్రం వచ్చిన ఘడియలో మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి గొంతులో వినిపించింది ‘మాదీ స్వతంత్ర దేశం’. రాసిందీ, కట్టిందీ రజని. సూర్యకుమారి ఎవరనుకున్నారు? ప్రకాశం పంతులుగారి అన్నదమ్ముల బిడ్డ, ‘దేవత’ (1941) తార. తరువాత 1961లో న్యూయార్క్‌ వేదిక మీద టాగూరు నాటకంలో రాణి వేషం వేసి అక్కడి విమర్శకుల బహుమతి గెలిచి, లండన్‌లో స్థిరపడి 2005లో కన్నుమూశారు. ఆమె మీద వేరే వ్యాసమే రాయాలి.

ఆ పాట మద్రాసులో మోగిన రాత్రి మా కొడిమ్యాల నిజాం రాజ్యంలో ఉంది. ఇక్కడ మూడు రంగుల జెండా ఎగరేస్తే జైలు. పాటలోని స్వతంత్రం మా ఊరికి చేరడానికి ఇంకో పదమూడు నెలలు, 1948 సెప్టెంబరు 17 దాకా పట్టింది. ఆ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా ఆ రికార్డు నాకు ఇంకో రకంగా వినిపిస్తుంది.

ఈ మధ్య మా ఊళ్ళో యక్షగానాలకు హార్మోనియం వాయించిన ఓ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటినై. కళ్ళు మసకైనా చెవులు గట్టివి. ఫోనులో పావురం పాట పెట్టాను. రెండో చరణానికల్లా వేళ్ళు మోకాలి మీద మెట్లు వెతుక్కుంటున్నాయి.

“గీ పాట నాకెర్కే బిడ్డా. పంచాయతి రేడియోల మస్తుసార్లు విన్న. భానుమతమ్మ పాట.”

“రాసినాయన ఎవరో ఎరికేనా తాతా?”

“గదెవలు జెప్పిండ్రు? రేడియోల జెప్తరు గని, మనం పేర్లు ఇంటమా? పాట ఇంటం.”

రజని సంగతి, రూపకాల సంగతి చెప్పాను. తాత కాసేపు ఊకొట్టి ఒక ప్రశ్న వేశాడు: “మరి గా ఆటలన్ని ఏడున్నయి ఇప్పుడు? మావోళ్ళ ఆటలంటే నోట్ల ఉంటయి. ఒకలు పోతే ఇంకొకలకు వస్తయి. గాలిల వాడినయి ఎవల నోట్ల ఉంటయి?”

నా దగ్గర జవాబు లేదు. ఊళ్ళో యక్షగానం గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి దిగుతుంది. సినిమా డబ్బాల్లో ఉంటుంది. ప్రత్యక్ష ప్రసారమైన రూపకం మాత్రం ప్రసారం కాగానే శ్రోతల చెవుల్లో తప్ప ఎక్కడా ఉండదు. టేపు మీదికి ఎక్కినవి ఉంటే అవే మిగులు.

పరదేశంలో సంగతి పోల్చి చూడండి. మెనోటీ అనే సంగీతకారుడు అమెరికాలో 1939లో రేడియో కోసమే ఒక ఓపెరా రాశాడు, ఎన్‌బీసీ వారు ప్రసారం చేశారు. ముసలి కన్యా, దొంగా ఉన్న కథ. రజని రేడియోలో చేరడానికి రెండేళ్ళ ముందు మాట! అది ఆ తరువాత స్టేజీ ఎక్కింది, రికార్డయింది. ఇంగ్లండులో బెంజమిన్‌ బ్రిటెన్‌ (1913–1976) ఇంకా అదృష్టవంతుడు. ‘పీటర్‌ గ్రైమ్స్‌’ మొదలుకొని తన ఓపెరాలు చాలావాటిని తానే నిలబడి నడిపిస్తూ డెక్కా కంపెనీకి రికార్డు చేయించుకున్నాడు. అతను పోయినా, ఆ స్వరం ఎంత వేగంతో నడవాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో అతని చేతి గుర్తుగా మిగిలింది. ప్రతిభలో మనవాడు తక్కువా అంటే, ఆ తూకం వేసే త్రాసు నా దగ్గర లేదు. డెక్కా లాంటి కంపెనీ మాత్రం మన దగ్గర లేదు.

రజని పేరు వెనక ఉండడానికి ఇంకో కారణం ఆయనే. పాత వాగ్గేయకారులను వెలికితీసే పనిలో తన పాటను పక్కన పెట్టారు. 1958లో ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాశారు. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి. విజయవాడ రేడియోలో ‘భక్తిరంజని’ని తీర్చిదిద్దిన చేతుల్లో ఆయనవి ముఖ్యం. పొద్దున్నే లేచి వంటింట్లో పని చేసుకుంటూ అన్నమయ్యనూ, రామదాసునూ విన్న తరానికి ఆ పాటలు ఎవరి ప్లానో తెలియదు. పిల్లలకు ‘జేజిమామయ్య పాటలు’ రాశారు. 1978లో బెంగుళూరు కేంద్రం డైరెక్టరుగా రిటైరయ్యారు. 2018 ఏప్రిల్‌ 22న విజయవాడలో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. టీవీల్లో సంతాప వార్తకు నేపథ్యంగా ఏ పాట వేసి ఉంటారో వేరే చెప్పాలా? పావురమే.

నాకు ఆ పాటంటే ప్రాణం. కానీ సముద్రం చూడ్డానికి వెళ్ళి ఒక గవ్వ తెచ్చుకున్నట్టు ఉంటుంది.

కనుక మిత్రులారా, ఒక చిన్న పని. మీ తాతల కాలం పెంకుటింట్లో అటక మీద రికార్డుల పెట్టె గానీ, దారం ఉండల్లా చుట్టుకున్న స్పూలు టేపులు గానీ ఉంటే తూకానికి వేయకండి. రేడియో పక్కన టేపురికార్డరు పెట్టి రాత్రి నాటకాలు పట్టుకున్న పిచ్చివాళ్ళు ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉండేవారు. తడిబట్టతో తుడవకండి, ఎండలో పెట్టకండి. టేపైతే పాత మిషను మీద తొందరపడి తిప్పకండి, పుటుక్కున తెగుతుంది. తెలిసినవాళ్ళ చేత కాపీ తీయించండి. రికార్డైతే నడిమి కాగితం మీద చూడండి. గాయని పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. దాని కింద, ఒకవేళ ఉంటే, చిన్నక్షరాల్లో ఉన్నదాన్ని వెలుతురులో పెట్టి చదవండి.